జూన్ పదో తారీఖున పుట్టినవాళ్లు

నేను ఉద్యోగంలో ఉన్న కాలంలో అరవై మూడు మంది పిల్లలకు పుట్టిన తేదీలు పెట్టాను. వాళ్లలో యాభై ఎనిమిది మంది జూన్ పదో తారీఖున పుట్టారు. మిగిలిన ఐదుగురు బడికి ఆలస్యంగా వచ్చారు కాబట్టి జూలై పదిన పుట్టారు.

ఇప్పుడు బడి ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్న మీకు ఇది వింతగా ఉండవచ్చు. మీ దగ్గరికి పిల్లతో పాటు ఆస్పత్రి కాగితం వస్తుంది, అందులో ఉన్నది మీరు ఎక్కిస్తారు. మా రోజుల్లో పిల్ల ఒక్కతే వచ్చేది. తేదీ మేమే తయారు చేసుకునేవాళ్లం. నేను తయారు చేసిన తేదీల్లో ఒకటి పదేళ్ల తొమ్మిది నెలల తర్వాత నన్ను సూర్యాపేటలో ఒక బల్ల ముందు నిలబెట్టింది. మీకు పనికొస్తుందని ఆ సంగతి రాస్తున్నాను.

ముందు నా గురించి కొంచెం చెప్పాలి. నేను ఇంటర్ రెండుసార్లు తప్పాను, రెండుసార్లూ ఇంగ్లీషులోనే. లెక్కలు నాకు ఎవరూ గట్టిగా నేర్పలేదు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాటా దగ్గర నాలుగేళ్లు కూర్చున్నాను. ఒక లారీ పోయాక ఇంకో లారీ వచ్చేదాకా ఖాళీ. ఆ ఖాళీలో పాత డిగ్రీ పుస్తకాలు తెచ్చుకుని, చివరి పేజీల్లోని జవాబులు చూసి, వాటి నుంచి వెనక్కి నడుచుకుంటూ లెక్కలు నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. కనిపించిన ప్రతిదాన్నీ లెక్కపెడతాడు. బస్సులో కిటికీలు, దవాఖాన మెట్లు, పెళ్లి బంతిలో విస్తళ్లు. ఎక్కడైనా అంకె తప్పుగా కనిపిస్తే నాకు అన్నం సహించేది కాదు. అలాంటి మనిషి తప్పని తెలిసే ఒక అంకె రాశాడు.

2001 జూన్‌లో పెద్దవూర వైపు ఒక తండాలో ఒంటిగది బడికి నన్ను విద్యా వాలంటీరుగా వేశారు. బడి తెరిచిన వారానికి తనిఖీకి ఒక అధికారి వచ్చి, తలలు లెక్కపెట్టి, మోటార్ సైకిల్ దిగకుండానే చెప్పిపోయాడు.

"నెలాఖరుకు ఇరవై మంది ఉండాలె. పందొమ్మిదైతే బడి ఖతం, నువ్వు ఇంటికి. సమజైందా?"

సమజైంది. ఇల్లిల్లూ తిరిగాను. ఐదేళ్లు నిండిన పిల్లల్నే చేర్చుకోవాలి. నిండాయో లేదో తేల్చడానికి అప్పట్లో అందరూ వాడే పద్ధతి ఒకటే. పిల్ల కుడిచేతిని నెత్తి మీదుగా తెచ్చి ఎడమ చెవిని పట్టుకోవాలి. చెవి అందితే ఐదు నిండినట్టు, లేదంటే వచ్చే ఏడు రమ్మన్నట్టు. అందినవాళ్లకు బడి తెరవడానికి రెండు రోజుల ముందు ఐదు నిండేలా జూన్ పది అని రాసేవాళ్లం. దీనికి ఇంట్లోవాళ్లను అడగాల్సిన పని కూడా ఉండేది కాదు.

నెలాఖరు రోజు నాకు పందొమ్మిది మంది ఉన్నారు. పదకొండు గంటలకు ఆ పందొమ్మిది మందిలో ఒక పిల్ల తన చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి కూలికి పోయింది, ఇంట్లో చూసేవాళ్లు లేరు. నేను చెల్లెల్ని నిలబెట్టి చెవి పట్టుకోమన్నాను. చెయ్యి నడినెత్తి దాటలేదు. ఆ పిల్ల నా మొహం చూసింది. తర్వాత మెల్లగా మెడను కుడి భుజం మీదికి వాల్చింది. ఎడమ చెవి పైకి వచ్చింది, చేతికి అందింది.

అందరిముందూ అందింది కాబట్టి అందినట్టే. నేను రిజిస్టరు తీసి 10-06-1996 అని రాశాను. ఇరవై నిండింది. ఆ పిల్లకు నాలుగేళ్లు కూడా లేవని నాకు తెలుస్తూనే ఉంది.

ఫలితం వెంటనే కనబడింది. ఒకటో తరగతి మొత్తం ఆ పిల్ల నిద్రపోయింది. రెండో ఏడు కూడా ఒకటిలోనే కూర్చోబెట్టాను. ఐదు అయ్యాక దగ్గర్లో పెద్ద బడి లేక ఒక ఏడాది ఇంట్లో మేకలు కాసింది. ఈలోగా నాకు మిర్యాలగూడ పక్కన ఒక ఉన్నత పాఠశాలలో కాంట్రాక్టు మీద రికార్డు అసిస్టెంటు పని దొరికింది. 2008లో ఆడపిల్లల హాస్టల్లో సీటు వచ్చి ఆ పిల్ల మా బడిలోనే ఆరో తరగతికి చేరింది. చేతిలో తండా బడి రికార్డు షీటు. దాని మీద నా చేతిరాత. నేనే తీసుకుని, నేనే చూసి, నేనే కొత్త రిజిస్టరులోకి ఎక్కించాను.

2012 జనవరిలో మా లెక్కల టీచరమ్మ ఒక పేపరు కత్తిరింపు పట్టుకుని ఆఫీసులోకి వచ్చింది. ఆమెది కోదాడ. ఏ పనైనా మెత్తగా అడిగేది, చేసేదాకా కుర్చీలోంచి లేచేది కాదు.

"ఏమండీ, హైదరాబాద్‌లో ఎండాకాలం నాలుగు వారాల లెక్కల శిబిరం అంటండి. రాష్ట్రం మొత్తానికి ముప్పై రెండు సీట్లే. మన తొమ్మిదో తరగతి తండా పిల్ల చేత పెట్టిద్దామనుకుంటున్నా."

శిబిరంవాళ్లు పది లెక్కలు ఇచ్చారు. మూడు వారాల్లో, ఎవరి సాయం లేకుండా, సొంత చేతిరాతతో చేసి పంపాలి. లెక్కల టీచరు ఉత్తరం జతచేయాలి. ఆఖర్న చిన్న అక్షరాల్లో ఒక నియమం ఉంది. మే ఒకటో తారీఖు నాటికి పదిహేనేళ్లు నిండి ఉండకూడదు.

నేను రిజిస్టరు తెరవలేదు. తెరవాల్సిన అవసరం లేదు. రికార్డు ప్రకారం ఆ పిల్లకు మే ఒకటికి పదిహేనేళ్ల పది నెలల ఇరవై ఒక్క రోజులు.

ఆ పూట ఏమీ చెప్పలేదు. తర్వాతి మూడు వారాలూ చెప్పలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ పిల్ల ఆఫీసుకు వచ్చి ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలు అడిగి తీసుకుని, వరండాలో గోడకానుకుని కూర్చునేది. ఒక లెక్క మీద రెండు రోజులు కూర్చున్నా విసుక్కునేది కాదు. నేను కూడా ఆ పది లెక్కలూ ఒక చీటీ మీద రాసుకున్నాను. ఒకరోజు వరండాలోకి రెండు అడుగులు వేయగానే టీచరమ్మ వెనకనుంచి అంది.

"మీరు ఏమీ చెప్పకూడదండి. మీకు వచ్చని నాకు తెలుసు."

ఆ గౌరవం నేను నిలుపుకోలేకపోయాను. మూడు వారాల్లో నేను ఏడు చేశాను. ఆ పిల్ల ఎనిమిది చేసింది.

కవరు అంటించే రోజు టీచరమ్మ పుట్టినతేదీ సర్టిఫికెట్ అడిగింది. ఇక చెప్పక తప్పలేదు. చెవి సంగతి, మెడ సంగతి, ఇరవయ్యో అంకె సంగతి అంతా చెప్పాను. పక్కన డ్రిల్లు సారు పరీక్ష అట్టలు కడుతూ విన్నాడు.

"అంటే నీ తండోళ్లందరికి ఒక్కటే కేకు కోస్తే సరిపాయె గదా అన్నా," అన్నాడు.

టీచరమ్మ నవ్వలేదు. "మరి ఆ మాటే కాగితం మీద రాసిచ్చేయండి," అంది.

"రాసిస్తే నా కాంట్రాక్టు కొనసాగదు మేడమ్."

"రాయకపోతే ఆ పిల్ల కవరు అక్కడ విప్పను కూడా విప్పరండి."

ఇద్దరం చెప్పిందీ నిజమే. అలాంటప్పుడు గుమాస్తా ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. సర్టిఫికెట్ మీద 1996 తేదీ వేసి, కింద ఒక వాక్యం చేర్చాను: "పుట్టిన తేదీ సవరణ పరిశీలనలో ఉన్నది." ఆఫీసు తెలుగులో ఇది చాలా మంచి వాక్యం. ఎవరు పరిశీలిస్తున్నారో చెప్పనక్కర్లేదు. అప్పటికి పరిశీలిస్తున్నది నేనొక్కణ్ణే.

హెడ్మాస్టరు సంతకం పెట్టే ముందు కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఆయనది సూర్యాపేట.

"ఏందయ్యా ఇది, సవరణకు మనం ఎప్పుడు పెట్టినం?"

"పెడతాం సార్."

"పెడతాం అంటే పెట్టలే అన్నట్టు." కాసేపు ఆ కాగితం చూసి సంతకం చేశాడు. "నీ మీద నమ్మకంతోని చేస్తున్న. అంకెల కాడ నువ్వు తప్పు చెయ్యవ్."

మార్చి చివర జవాబు వచ్చింది. ఎనిమిది లెక్కలూ వాళ్లకు నచ్చాయి. ఏప్రిల్ రెండో వారంలో సూర్యాపేటలో ఒక కాలేజీలో ముఖాముఖి ఉంటుంది, తల్లిదండ్రుల్లో ఒకరితో, సవరించిన సర్టిఫికెట్‌తో రావలెను అని రాశారు. నేను మండల ఆఫీసుకు పోయి అడిగాను. ఇంట్లో పుట్టిన పిల్ల, పంచాయతీలో నమోదు లేదు, కోర్టు కాగితం కావాలి, ఆరు నెలలకు తక్కువ పట్టదన్నారు. నా దగ్గర పదహారు రోజులున్నాయి. ఆ పదహారు రోజులూ ఏదో ఒకటి జరుగుతుందని అనుకుంటూ గడిపాను. ఏమీ జరగలేదు.

ఆ రోజు పొద్దున మిర్యాలగూడలో నలుగురం బస్సెక్కాం. టీచరమ్మ, పిల్ల, పిల్ల తల్లి, నేను. తండ్రి వరికోత మిషను వెంట వేరే జిల్లాకు పోయాడు. తల్లి దారంతా ఒక్క ప్రశ్నే వేసింది.

"సారూ, అన్నం పెడ్తరా గాడ?"

"మూడు పూటలా పెడతరమ్మా."

"మరి ఇంక పరేషాన్ ఏంది? నీ మొకం గట్లుందేంది?"

కాలేజీలో ఒక గది ముందు బెంచీలు వేశారు. లోపల తెల్లజుట్టు ప్రొఫెసరు ఒకాయన, పక్కన రాసుకోవడానికి ఒక అమ్మాయి. మాకంటే ముందు ముగ్గురు పిల్లలు వెళ్లొచ్చారు. ఒక్కొక్కరికి పద్దెనిమిది, ఇరవై, పందొమ్మిది నిమిషాలు పట్టింది. మా పిల్ల లోపలికి పోయి నలభై నిమిషాలైనా రాలేదు. నలభై రెండో నిమిషంలో తలుపు తెరిచి మా పిల్ల బయటికి వచ్చింది.

"సార్, మిమ్మల్ని రమ్మంటున్నరు."

"నన్నెందుకు?"

"పుట్టినరోజుల లెక్క అడిగిన్రు. చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"మా తండల అందరం జూన్ పదినే పుట్టినం అని చెప్పిన. ఎట్ల అని అడిగిన్రు. మా సారును అడగమన్న."

లోపలికి వెళ్లాను. ప్రొఫెసరు ఒక కాగితం నావైపు తిప్పాడు. అది పదిలో నాలుగో లెక్క. ఒక గుంపులో కనీసం ఎంతమంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటేనని ఖాయంగా చెప్పగలం, ఎందుకు అని. మూడు వందల అరవై ఏడు మంది అని జవాబు రాసి, ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిని కూడా మరిచిపోకుండా, కారణం ఆరు వరుసల్లో చక్కగా చెప్పింది. దాని కింద ఇంకో వరుస ఉంది. నేను అంతకుముందు చూడలేదు, కవరు టీచరమ్మే అంటించింది. "మా తండాలో అయితే ఇద్దరు చాలు."

"ఈ వాక్యం మాకు అర్థం కాలేదు," అన్నాడు ప్రొఫెసరు. "పాప చెప్పాక అర్థమైంది. ఆ తేదీలు మీరే రాశారా?"

"నేనే రాశాను సార్."

"సవరణ పరిశీలనలో ఉంది అన్నారు. ఎవరి పరిశీలనలో?"

"నా పరిశీలనలో సార్."

రాసుకునే అమ్మాయి కలం ఆపింది. ప్రొఫెసరు మాత్రం తల ఊపి, చెప్పమన్నట్టు చూశాడు. నేను చెవి పద్ధతి చెప్పాను. మెడ వాల్చడం నేనే చేసి చూపించాను. ఆయన కూడా కుర్చీలోనే చెయ్యి నెత్తి మీదుగా తెచ్చి, మెడ వాల్చకుండా ఒకసారి, వాల్చి ఒకసారి ప్రయత్నించాడు.

"నాలుగేళ్లు లేని పిల్ల ఇది కనిపెట్టిందా?"

"అవును సార్."

"మీరు చూశారు."

"చూశాను."

"చూసి కూడా ఎందుకు రాశారు?"

"పందొమ్మిది మంది ఉన్నారు సార్. ఇరవై కావాలి. లేకపోతే బడి ఉండదు, నా పని ఉండదు."

ఆయన ఆ రెండిట్లో ఏది ముందు అని అడగలేదు. అసలు వయసు ఎంతని మాత్రం అడిగాడు. నాకు తెలియదన్నాను. పదేళ్ల తొమ్మిది నెలలుగా తెలియదు. అప్పుడు ఆయన తల్లిని పిలిపించాడు.

ఆమె వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. బిడ్డ ఎప్పుడు పుట్టిందని ఆయన అడిగాడు.

"తీజ్ పండుగల, బుట్టలకు నీళ్లు పోస్తున్న దినాలల్ల. నాలుగో దినం తెల్లారగట్ల."

తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు వానాకాలంలో బుట్టల్లో గోధుమలు మొలకెత్తించే పండుగ అది. ఏ సంవత్సరం అని ఆయన అడిగాడు. ఆమె సంవత్సరం చెప్పలేదు. చెయ్యి తెరిచి బొటనవేలిని చిటికెనవేలి మొదటి గణుపు మీద పెట్టింది.

"ఒకటో తీజ్‌కు ఇది నిలబడ్డది. రెండోదానికి మా అత్త సచ్చిపోయింది. మూడోదానికి మా తమ్మునికి పిల్లను మాట్లాడినం. నాలుగోదానికి గీ సారు మా తండల బడి పెట్టి రెండు నెల్లు..." గణుపు మీద గణుపు దాటుకుంటూ పోయింది. ఒక్కో తీజ్‌కు ఒక్కో సంగతి. ఎక్కడా తడుముకోలేదు. "పదకొండోదానికి ఇది హాస్టల్ల పడ్డది. పన్నెండుకు పెద్దదాని పెండ్లి. పదమూడుకు బర్రె ఈనింది. పద్నాలుగోది మొన్నటిది. పదిహేనోది ఇంకా రాలే. నాలుగు నెల్లున్నది."

నేను లోపల్లోపల సరిచూసుకుంటున్నాను. బడి పెట్టింది 2001, నాలుగో గణుపు. హాస్టలు 2008, పదకొండో గణుపు. రెండూ సరిపోయాయి. అంటే పుట్టింది 1997 ఆగస్టు. మే ఒకటికి పద్నాలుగేళ్ల ఎనిమిది నెలలు పైచిలుకు. నా రిజిస్టరుకు పద్నాలుగు నెలల తేడా.

ప్రొఫెసరు కమిటీ ముందు పెట్టడానికి కాగితం ఏదైనా ఉండాలన్నాడు. "మీరు రాసిస్తారా? ఆలోచించుకోండి. మీ ఉద్యోగానికి ఇబ్బంది కావచ్చు."

ఆలోచించుకోవడానికి నాకు జనవరి నుంచీ సమయం ఉంది. తెల్లకాగితం తీసుకుని తొమ్మిది వరుసలు రాశాను. ఫలానా తేదీ నేను ఊహించి రాసినది, అది తప్పని రాసేటప్పుడే నాకు తెలుసు, బడిలో సంఖ్య నింపడానికి రాశాను అని. సంతకం పెట్టి, హోదా రాసి, తేదీ వేశాను.

తిరుగు బస్సులో పిల్ల నా ముందు సీట్లో కూర్చుంది. సగం దారిలో వెనక్కి తిరిగింది.

"సార్, నేను నిజంగనే మెడ వంచిన్నా?"

"వంచినవ్."

"నాకైతే యాదికి లేదు."

"నాకుంది," అన్నాను.

మర్నాడు హెడ్మాస్టరుకు నేనే చెప్పాను. ఆయన చాలాసేపు టేబులు మీద పేపర్ వెయిట్ తిప్పాడు.

"రాసిచ్చినవా?"

"ఇచ్చాను సార్."

"సంతకం పెట్టినవా?"

"పెట్టాను."

"డేటు ఏసినవా?"

"వేశాను సార్."

"గదన్నా నిజమైనదేనా?"

ఆ మధ్యాహ్నం నాకు మెమో ఇచ్చాడు. నేను జవాబు రాశాను. మెమోలు ఫైలు చేసే పని నాదే కాబట్టి, నా మెమోకు నేనే నంబరు వేసి, నేనే బీరువాలో పెట్టాను. ఆ ఏడు కాంట్రాక్టు కాగితం మీద ఆయన మూడు నెలలు సంతకం పెట్టలేదు. నాలుగో నెల పెట్టాడు. ఎందుకు ఆపాడో, ఎందుకు పెట్టాడో చెప్పలేదు. 2014లో పోస్టే తీసేసేదాకా అక్కడే పనిచేశాను.

శిబిరం ఉత్తరం ఏప్రిల్ ఆఖర్లో వచ్చింది. మొదటి పేరాలో మా పిల్ల ముప్పై రెండు మందిలో ఎంపికైందని ఉంది. టీచరమ్మ అక్కడితో ఆపి, కాగితం నా బల్ల మీదే వదిలి, పిల్లకు చెప్పడానికి క్లాసు వైపు వెళ్లిపోయింది. రెండో పేరా నేను చదివాను. వయసు విషయంలో రికార్డు అసిస్టెంటు ఇచ్చిన వాంగ్మూలాన్ని కమిటీ పరిగణనలోకి తీసుకోలేదు. తెలిసీ తప్పు తేదీ రాసినట్టు తానే ఒప్పుకున్న వ్యక్తి మాట రుజువుగా చెల్లదు. తల్లి చెప్పిన లెక్కను పరిశీలించి అంగీకరించడమైనది.

మూడుసార్లు చదివాను. తర్కంలో ఎక్కడైనా పగులు దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. నేను కమిటీలో ఉన్నా అదే రాసేవాణ్ణి.

రెండు రోజులకు అంగీకార పత్రం మీద వేలిముద్ర వేయడానికి తల్లి బడికి వచ్చింది. ఉత్తరంలో ఏముందని అడిగింది. రెండు పేరాలూ చదివి, అర్థం చెప్పాను. నీ లెక్కే నిలిచిందమ్మా, నాది కొట్టేశారు అన్నాను. ఆమె సంతోషపడుతుందనుకున్నాను. ఆమె వేలికున్న సిరాను గోడకు తుడుచుకుంటూ ఆలోచించింది.

"గంతమంది పిలగాండ్లను చెవులు పట్టుకొమ్మంటివి సారూ. మమ్ముల నోరుతెరిచి ఒక్క మాట అడిగితే చెప్తుంటిమి గదా."

నేను బీరువాలోంచి ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం తీసి బల్ల మీద పరిచాను.

"పెద్దపిల్ల ఎప్పుడు పుట్టిందమ్మా?"

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. చెయ్యి తెరిచి బొటనవేలిని చిటికెనవేలి మీద పెట్టింది.

"దానిది జెర పెద్ద లెక్క. రాసుకో."